మెట్ల మీద ఒక సాక్ష్యం, దర్బారులో ఒకటి

దుమ్ముగూడెం వైపు గూడేల్లో ఆదివారం కూడికైనా, ఖమ్మంలో ఉజ్జీవ సభయినా సాక్ష్యం తరచూ ఒకే వరసలో నడుస్తుంది: తాగుడో జబ్బో, ప్రార్థన, విడుదల. వినేవాళ్ళు మారినా చెప్పే తీరు మారదు. అపొస్తలుల కార్యముల్లో పౌలు అలా చెయ్యలేదు. తన మార్పు కథను 22వ అధ్యాయంలో యెరూషలేము కోట మెట్ల మీద, తనను చంపబోయిన గుంపుకు చెప్పాడు. 26లో అదే కథను కైసరయలో అగ్రిప్ప రాజుకు దర్బారులో వినిపించాడు.

మెట్ల మీద హెబ్రీ భాషలో నోరు విప్పగానే గుంపు సద్దుమణిగింది. పుట్టింది తార్సులోనైనా పెరిగింది ఈ ఊళ్ళోనే, గమలియేలు దగ్గర చదివాను అంటాడు. దమస్కులో తనకు మళ్ళీ చూపు వచ్చేలా చేసిన అననీయను ధర్మశాస్త్రం తప్పనివాడిగా, అక్కడి యూదులంతా మెచ్చినవాడిగా పరిచయం చేస్తాడు. దర్బారులో అననీయ ఊసే లేదు, తన చూపు పోయిన సంగతీ లేదు. వాటికి బదులు ముల్లుగర్రను ఎదురుతన్నే ఎద్దు పోలిక వస్తుంది. దమస్కు దారి, వెలుగు, స్వరం మాత్రం రెండిట్లోనూ ఉన్నాయి.

కూర్పులో దర్బారు ప్రసంగానిదే పైచేయి. గూడేనికి మాత్రం మెట్ల మీదిదే దగ్గర. మొదటి కారణం భాష. గోదావరి పడవ కాల్వల పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల్లో దుమ్ముగూడెంలో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషన్ మొదలైంది. 1889 నాటికి లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. అలాంటి చోట కోయ ఇంట పుట్టిన మనిషి కోయవాళ్ళ ముందు నిలబడి పట్నం పాస్టరుగారి తెలుగును అనుకరిస్తే, మాట చెవి దాకా వచ్చి ఆగిపోతుంది.

రెండోది మర్యాద. పౌలు తన దౌర్జన్యాన్ని రెండుచోట్లా దాచలేదు. అయినా మెట్ల మీద, మీకున్నపాటి దైవభక్తే నాకూ ఉండేదని ఒప్పుకున్నాడు. నేరం తన మీద వేసుకున్నాడు, తాతల మీద వెయ్యలేదు. విత్తనాల పండగ చేసుకునే పెద్దల నడుమ నిలబడి, వాళ్ళ వేల్పులను తిట్టి తన రక్షణను పెద్దది చేసి చూపేవాడు ఈ పాఠం చదవనట్టే. తాగి ఇంట్లోవాళ్ళను కొట్టానని చెప్పడం సాక్ష్యం. మీరంతా చీకట్లో ఉన్నారనడం తీర్పు.

మరి ఫలితం? అన్యజనుల మాట ఎత్తగానే మెట్ల కింద కేకలు లేచాయి. దర్బారులో రోమా గవర్నరు ఫేస్తు పిచ్చివాడన్నాడు, అగ్రిప్ప మాట దాటేశాడు. ఎన్ని చేతులు లేచాయన్నదే కొలత అయితే రెండూ విఫలమే. అయినా కార్యములు రాసిన లూకా రెండిటినీ పూర్తిగా రాసిపెట్టాడు. సాక్షి పని చూసింది చెప్పడం. ఒప్పుకోవడమా మానడమా అన్నది విన్నవాళ్ళ ఇష్టం.