పనివాడి అభిరుచి

అచ్చంపేటలో ఈ మధ్య జరిగిన ఒక కథాపఠనంలో ఓ యువరచయిత తన కథ చదివాడు. హైదరాబాదులో ఒక సంపన్నుడు ముచ్చటపడి దాచుకున్న 1951 నాటి అమెరికన్ కారు. నల్లమల అంచు నుంచి వలస వెళ్ళిన మెకానిక్ కుర్రవాడు దాని ముందు స్ప్రింగులు కోసి, వెనక కమానుకూ యాక్సిలుకూ నడుమ ఇనుప దిమ్మలు పెట్టి, బండిని నాలుగంగుళాలు నేలకు దించుతాడు. ఇదీ కథ. చర్చలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. కారు సోకు ధనికుల విలాసం కనుక అది అభ్యుదయ కథకు వస్తువు కాజాలదని ఒకటి. దించినా ఎత్తినా వాడు కూలివాడే, వాడి దోపిడీని కథ చూపలేదని రెండోది. రెండో మాటలో కొంత నిజముంది. మొదటిదానితో నాకు పేచీ ఉంది. అది ఆ ఒక్క కథతో తీరేది కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి అఖిల భారత మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అందాన్ని కొలిచే కొలబద్దను మార్చుకోవాలని రచయితలను కోరాడు. 1943లో తెనాలిలో మన సంఘం ఏర్పడింది. నాటి నుంచి మనం ఆ కొలబద్దను మార్చిన మాట నిజమే గాని, నా ఉద్దేశంలో సగమే మార్చాం. ఎవరిని గురించి రాయాలన్నది మార్చాం. వాళ్ళ కంటికి ఏది అందంగా కనిపిస్తుందని మాత్రం అడగలేదు. పనివాడి ఆకలి రాశాం, అప్పు రాశాం, ఆగ్రహం రాశాం. అతని అభిరుచి రాయలేదు. అభిరుచి తీరిక ఉన్నవాడి సొత్తు అన్న భూస్వామ్య భావాన్ని మనకు తెలియకుండానే మోసుకొస్తున్నాం.

మన కథల్లోనూ సినిమాల్లోనూ కారు సాధారణంగా పైవాడి గుర్తు. ఇది ఊరికే పుట్టిన సంకేతం కాదు. తెలంగాణలో వాహనం అంటే ఎత్తు. దొర కచ్చురంలో వెళితే వెట్టివాళ్ళు బండి ముందూ వెనకా పరుగెత్తవలసి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో నమోదు చేశారు. పాలమూరుకు 1890లో తన పేరు పెట్టించుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు పురమాయించాడు. లండన్‌లోని బార్కర్ కంపెనీ దానికి పసుపుపచ్చని బాడీ కట్టింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చింది. కారు చేతికి రాకముందే ఆయన చనిపోయాడు. కొనేవాడి హోదాకు తగ్గట్టు కారు రూపం మార్చడం మన నేలకు కొత్తేమీ కాదన్నమాట. ఆ మార్పు దిశ మాత్రం ఒక్కటే: పైకి. మా అచ్చంపేట దాటి కొండ ఎక్కితే వచ్చే ఫరహాబాద్, నిజాం కాలపు వేట విడిది. అడవిలో ఉన్న చెంచులకు మోటారు బండి అంటే పైనుంచి చూసే మనిషి.

ఈ చరిత్ర తెలిసిన పాఠకుడికి, కారును పనిగట్టుకుని కిందికి దించడం మొదట వింతగానే తోస్తుంది. ఆ పని పుట్టిన చోటు చూస్తే గాని అందులోని అర్థం తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం తరవాతి అమెరికాలో మోటారు పెట్టుబడిదారులకు ఒక ఇబ్బంది ఉండేది. కారు పదేళ్ళు నడుస్తుంది. కాని ఏటా కొత్త కారు అమ్ముడుపోవాలి. జనరల్ మోటార్స్ సంస్థ ఆల్‌ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలో 1920ల నుంచే దీనికి ఉపాయం కనిపెట్టింది. ఇంజను అదే ఉన్నా ఏటేటా పైరూపం మార్చి, నిరుడు కొన్నదాని మీద కొన్నవాడికే మొహం మొత్తేటట్టు చెయ్యడం. 1950ల తొలినాళ్ళ కార్ల మీది మెరుపు పట్టీలు, బొమ్మలు, పేరు పలకలు అన్నీ ఈ వ్యాపారంలో భాగమే.

కాలిఫోర్నియాలో పని చేసుకుని బతికే కుర్రవాళ్ళకు కొత్త కారు అందదు. నాలుగేళ్ళు వాడిన షెవర్లెట్టో, ఫోర్డో, మెర్క్యురీయో అందుతుంది. దాన్ని షెడ్డుకు తెచ్చి మొట్టమొదట వాళ్ళు చేసిన పని నాకు చాలా అర్థవంతంగా కనిపిస్తుంది. కంపెనీ పేరు పలక పీకేశారు. పలక ఉన్న కన్నాలను సీసం కరిగించి పూడ్చారు. తలుపుల పిడులు కూడా తీసేసి నున్నగా చేశారు. తరవాత టాపును మోస్తున్న స్తంభాలను కొన్ని అంగుళాల మేర కోసి, టాపును కిందికి దించి తిరిగి అతికారు. స్తంభాలు వాలుగా ఉంటాయి కనుక కోసిన పైముక్క కింది ముక్కతో కలవదు. రేకును సాగదీయాలి, ముక్కలు చేర్చాలి, అద్దం కొత్తగా కోయాలి. చివరికి స్ప్రింగులు కోసి మొత్తం బండిని నేలకు దగ్గరగా తెచ్చారు. ఇంత జరిగాక ఆ కారు ఏ ఏడాది మోడలో చెప్పడం కష్టం. ఏటేటా పాతబడే సరుకును ఏ ఏడాదికీ చెందని వస్తువుగా మార్చారు. కంపెనీ డిజైను మీద పనివాడు రాసిన విమర్శ అది. కలంతో గాక గ్యాస్ కట్టరుతో రాశాడు.

ఆ విమర్శకు సామాజికార్థం కూడా ఉంది. లాస్ ఏంజెలిస్ తూర్పు పేటల మెక్సికన్ యువకులు 1943లోనే తమ వదులు దుస్తుల పాపానికి నావికుల చేతుల్లో నడివీధిలో దెబ్బలు తిన్నారు. ఒంటిమీది బట్టలు చింపించుకున్నారు. బయట తిరగడమే నేరమైన వాళ్ళు, యుద్ధం తరవాత షెవర్లెట్‌ను దించుకుని విటియర్ బులేవార్డ్ మీద నత్తనడకన తిప్పారు. 'కిందికి, మెల్లగా' అన్నది వాళ్ళు తమ భాషలో చెప్పుకున్న నియమం. అమెరికన్ కారుకు వేగమే ఘనత. వీళ్ళు దాన్ని నడిపిన తీరు, ఈ వీధి మాది కూడా, మమ్మల్ని చూసి తీరాలి అని చెప్పింది.

ప్రభుత్వానికి ఈ భాష అర్థమైంది. చక్రం ఇనుప అంచు కంటే బండిలో ఏ భాగమూ కిందికి ఉండరాదని 1958 నుంచి కాలిఫోర్నియా చట్టం అమలైంది. 1959లో రాన్ అగిర్రె అనే యువకుడు తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, మళ్ళీ నొక్కితే దిగుతుంది. పోలీసు కనిపిస్తే చట్టం చెప్పిన ఎత్తు, అతను వెళ్ళాక మనసు కోరిన ఎత్తు! ఆ చట్టాన్నీ, నెమ్మదిగా ఊరేగడాన్ని నిషేధించేందుకు పట్టణాలకిచ్చిన అధికారాన్నీ రద్దు చేసే బిల్లుపై 2023 అక్టోబరులో సంతకం పడింది. 2024 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. అరవై ఆరేళ్ళపాటు రాజ్యం కారు ఎత్తు మీద అంత పట్టుదల చూపిందంటే, అది వట్టి సోకు అని మనమెలా తీసిపారేస్తాం?

అయితే దీన్ని విప్లవమని నెత్తికెత్తుకోవడమూ పొరపాటే. పెట్టుబడి తనను వెక్కిరించినదాన్ని కూడా అమ్ముకోగలదు. జపనీయ సంతతివాడైన బాబ్ హిరోహతా కోసం బారిస్ సోదరులు 1952లో మలచిన 1951 మెర్క్యురీ ఇందుకు ఉదాహరణ. 1959లో ఒక కుర్రవాడు దాన్ని 500 డాలర్లకు కొన్నాడు. 2022 జనవరిలో వేలంలో అది దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. బారిస్ సోదరుల్లో రేకు పనిలో ఆరితేరిన చెయ్యి శామ్‌ది. లోకానికి తెలిసిన పేరు జార్జిది. శామ్ 1967లో చనిపోయాడు. సినిమా బండ్లతో ప్రసిద్ధుడైన జార్జి 2015 దాకా జీవించాడు. చేసిన చెయ్యి వెనక్కిపోయి పేరు ముందుకు రావడం మనకు తెలియని కథ కాదు. ఇక ఈ కళలో స్త్రీ చాలాకాలం బానెట్ మీది బొమ్మగానో, పక్కసీటు అలంకారంగానో మిగిలిపోయింది. ఈ లోపాలను చెప్పకపోతే విమర్శ భజన అవుతుంది.

సాహిత్యంలో ఈ కళను మొదట గౌరవించినవాళ్ళలో టామ్ వుల్ఫ్ ఒకడు. 1963లో ఎస్క్వయర్ పత్రికలో వచ్చిన అతని వ్యాసం ఈ కార్లను శిల్పాలుగా, చేసినవాళ్ళను కళాకారులుగా చూసింది. పండితులు చూడని చోట అందం చూసినందుకు అతనికి మనం రుణపడాలి. కాని అతని చూపు ప్రధానంగా జార్జి బారిస్, ఎడ్ రాత్ లాంటి పేరు మోసినవాళ్ళ మీద నిలిచింది. రూపం కనిపించింది గాని, ఆ రూపం ఎవరి శ్రమ నుంచి, ఏ అవమానం నుంచి వచ్చిందన్న ప్రశ్న పక్కకు పోయింది. మన విమర్శకుడు దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేస్తాడు. శ్రమ చూస్తాడు, అవమానం చూస్తాడు. వాటి నుంచి పుట్టిన రూపం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంటాడు. రెండూ అర్ధసత్యాలే.

మన దగ్గరికి వద్దాం. 1950ల మధ్యకు మన దేశంలో అమెరికన్ కార్ల దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఉన్న డాడ్జిలు, ప్లిమత్‌లు చేతులు మారి ఎన్నో చోట్ల టాక్సీలయ్యాయి. పెట్రోలు భరించలేక వాటిలో డీజిలు ఇంజన్లు దించారు. దొరకని భాగాలను లేత్ మీద చేయించారు. అచ్చంపేట నుంచి మన్ననూరు, అమ్రాబాదు, లింగాల దారుల్లో ప్యాసింజరు జీపులు తిరిగిన రోజులు మా ప్రాంతం వాళ్ళకు బాగా గుర్తు. పదిమందికైనా చాలని బండి ఇరవైమందిని మోయాలి. అందుకని కమానుకు అదనంగా పట్టీలు ఎక్కించేవారు. అక్కడ కాలిఫోర్నియాలో అందం కోసం దించారు. ఇక్కడ పొట్టకూటి కోసం ఎత్తారు. ఈ తేడా వర్గపు తేడా, దేశపు తేడా. దాన్ని మరచిపోకూడదు.

కాని అంతటితో కథ అయిపోలేదు. అలాంటి జీపుల వెనక నిచ్చెనలు అతికే వెల్డింగు షెడ్లలో నేను గమనించిన సంగతి ఒకటుంది. నిచ్చెన ఊచ తిన్నగా ఉంటే చాలు, మనిషి ఎక్కుతాడు. అయినా చాలా నిచ్చెనల ఊచలకు నడుమ ఒక మెలిక ఉండేది. ఎర్రగా కాల్చి, రెండు కొసలూ పట్టి, లెక్కగా తిప్పితే గాని రాని మెలిక. అది అడిగినవాడు లేడు, దానికి కూలి కట్టినవాడూ లేడు. ఒకప్పుడు ఎడ్లబండికి చెక్కడాలు చేసిన వడ్ల, కమ్మరి కుటుంబాల పిల్లలు ఈ షెడ్లలో చేరారు. ఆ చెయ్యి ఊరుకోదు. మనిషి అవసరం మేరకే గాక సౌందర్య సూత్రాల ప్రకారం కూడా వస్తువులను రూపొందిస్తాడని 1844 నాటి రాతప్రతుల్లో మార్క్స్ గుర్తించాడు. ఆ ఊచలో మెలిక పడిన చోట పనివాడు తన శ్రమను కాసేపైనా తనదిగా చేసుకున్నాడు. పరాయీకరణ గురించి మనం పేజీలకు పేజీలు రాశాం. దాన్ని జానెడు మేర ఓడించిన ఈ మెలిక గురించి ఎవరు రాశారు?

పాలమూరు కూలీ మన సాహిత్యంలో తట్ట మోస్తూ కనిపిస్తాడు. మోయడం నిజం. నాగార్జునసాగర్ మొదలు ఎన్నో ఆనకట్టలకు ఈ జిల్లా మనుషులు మట్టి మోశారు. కాని ఎప్పుడూ మోస్తూనే కనిపించేవాడికి పాఠకుడు జాలి ఇస్తాడు, సమానత్వం ఇవ్వడు. ఇది బాగుంది, అది బాగులేదు అని తీర్పు చెప్పగల మనిషిగా అతను కనిపించినప్పుడే పాఠకుడి ఎదుట నిలబడతాడు.

ఈ దృష్టితో చూస్తే, చర్చకు వచ్చిన కథలో వస్తువు సరైనదే. లోపం శిల్పంలో ఉంది. దించిన కారు తళుకును రచయిత యజమాని కళ్ళతో వర్ణించాడు. కుర్రవాడు నాలుగంగుళాలే ఎందుకు దించాడు, అయిదు ఎందుకు కాదు? అయిదు దించితే మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు, గతుకులో యాక్సిలు ఛాసిస్‌కు తగలవచ్చు, మన వీధుల స్పీడ్ బ్రేకర్లకు సైలెన్సరు ఊడిపోవచ్చు. మూడే దించితే అందం రాదు. ఈ రెండింటి నడుమ కుర్రవాడు పడ్డ తర్జనభర్జనలో అసలు కథ ఉంది. అక్కడ అతను ఇంజనీరూ కళాకారుడూ ఒకేసారి. ఆ నిర్ణయం చూపిన తరవాత, యజమాని కారు పక్కన నిలబడి ఫొటో దిగుతుంటే కుర్రవాడు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడని రాస్తే చాలు. దోపిడీ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. గంటలకు కూలి కట్టి అభిరుచిని ఉచితంగా తీసుకోవడం కంటే సూక్ష్మమైన దోపిడీ ఏముంది? రెండో విమర్శకుడు కోరినది ఇలా వస్తుంది. మొదటి విమర్శకుడు వద్దన్న దారిలోనే వస్తుంది.

సాహిత్య విద్యార్థులకు ఒక్క మాట. వస్తువును ఎన్నుకోవడంతోనే అభ్యుదయం పూర్తికాదు. షెడ్డుకు వెళ్ళండి. వాళ్ళ కష్టసుఖాలు అడగండి, తప్పకుండా అడగండి. దానితోపాటు, ఇది ఇలాగే ఎందుకు చేశావు అని కూడా అడగండి. మనం ఇంతవరకూ అడగని ప్రశ్న అదే. దానికి వచ్చే జవాబులో పనిముట్ల పేర్లుంటాయి, అంగుళాల లెక్కలుంటాయి, కొంత గర్వమూ ఉంటుంది. ఆ గర్వాన్ని కత్తిరించకుండా రాయండి.