నాడెలో కండె

మంగళగిరిలో మగ్గములున్న వీధిని పుట్టి పెరిగినవాడనగుటచేత, ఏ యంత్రమును చూచినను నా మనస్సు మొదట గుంటమగ్గము వైపునకే పోవును. నిజాము అంచు చీర నేయుచు మా నాయనగారు, కండెలోని నూలు అయిపోయినంతనే నాడెను ఎడమచేత పట్టి, ఖాళీ కండెను ఊడదీసి, అమ్మ చుట్టియుంచిన నిండు కండెను పుల్లకు గుచ్చి, పోగు కొసను రంధ్రముగుండ లాగి, నోటిలోని పాట తెగకుండ మరల నేతకు పూనుకొనుట వేనవేలు మారులు చూచితిని. నాడె మా తాతగారి నాటిది. అందు మారిన కండెలకు లెక్కలేదు. ఖర్చగుదానిని, నిలుచుదానిని వేరుచేసి, పనివేళ రెంటిని గట్టిగా పట్టియుంచుచు, చేయి అడిగినపుడు సులువుగా విడిపోవునట్లు కూర్చుటయందే ఆ కొయ్యముక్కను చెక్కినవాని నేర్పంతయు ఉన్నది.

అమెరికాలో ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు తన రాకెట్టు చిత్రమును పంపి, "తాతయ్యా, మోటారు గొట్టాన్ని లోపల ఎపాక్సీతో అంటించేస్తే ఇక ఎప్పటికీ అదే కొలత వాడాలి. ఈ ఏడు 38, వచ్చే ఏడు 54 పెట్టాలంటే ఎలా?" అని అడిగిన దినమున నాకు స్ఫురించినది ఆ నాడెయే. అచ్చటి ఔత్సాహికుల పెద్ద రాకెట్లకు మోటార్లు 29, 38, 54, 75, 98 మిల్లీమీటర్ల వ్యాసములతో లభించును. వాని మొత్తము ప్రచోదనమును ఇంగ్లీషు అక్షరములతో గుర్తింతురు. హెచ్ తరగతి 160 మొదలు 320 న్యూటన్-సెకండ్ల వరకు, ఐ తరగతి 640 వరకు, ఇట్లు అక్షరమక్షరమునకు రెట్టింపగును. 1957లో ఏర్పడిన వారి జాతీయ రాకెట్రీ సంఘము వంటివి అభ్యర్థి రాకెట్టు నెగురవేసి చెక్కుచెదరక దింపుటను కన్నులార చూచి, మొదటి మెట్టున హెచ్, ఐ తరగతులకును, రెండవ మెట్టున జె, కె, ఎల్ తరగతులకును అర్హత నిచ్చును.

వాడుకలోనున్న కట్టడము దృఢమైనదే. లోపలి గొట్టమునకు ప్లైవుడ్ వలయములు తొడిగి, వెలుపలి గొట్టములో నిలిపి, రెక్కలను గోడచీలికలగుండ లోపలి గొట్టమువరకు దింపి, సందులన్నిట జిగురు పోయుదురు. కాని పారాచూటుతో దిగుచు రెక్క యొక్కటి రాతినేలకు తగిలి విరిగెనా, ఆ తోకభాగమంతయు వ్యర్థమగును.

అయినను రెక్కలు ఊడివచ్చుట మరమ్మతు సౌకర్యము మాత్రమే యనుకొనుట పొరపాటు. చిన్ననాడు దీపావళికి తారాజువ్వలు కట్టునపుడు మా పెదనాన్నగారు, మందుగొట్టమునకు వెదురుపుల్ల కట్టిన పిమ్మట, గొట్టము అడుగుకు అంగుళము దిగువ చూపుడువ్రేలిపై జువ్వను నిలిపి, త్రాసుకోలవలె నిలిచిననే అంటింపనిచ్చెడివారు. పుల్ల పొట్టియైనచో జువ్వ దారితప్పి వాకిటివారిపైకే తిరుగునని వారి హెచ్చరిక. శాస్త్రభాషలో దానిని గురుత్వకేంద్రము, వాయుపీడన కేంద్రము అందురు: మొదటిది ముందును, రెండవది దానికి కనీసము ఒక గొట్టపు వ్యాసమంత వెనుకను ఉండవలెను. తోకలో బరువైన మోటారు పెట్టినంతనే గురుత్వకేంద్రము వెనుకకు జరుగును. అపుడు రెక్కలు పెద్దవి కావలెను. ఆ పెద్ద రెక్కలనే తేలిక మోటారుతో వాడినచో రాకెట్టు గాలికెదురుగా తల వంచి పోవును. కనుక మోటారు మార్చుకొను స్వేచ్ఛ కోరినవాడు రెక్కలు మార్చుకొను స్వేచ్ఛను కూడ కోరకతప్పదు. ఈ సంగతి తెలిసినపిమ్మట ఆమె అడిగిన ఒక్క ప్రశ్న రెండు ప్రశ్నలైనది.

ఆటోనగరులో ముప్పదియేండ్లు లేతుపని చేసిన చేతులు ఊరకుండలేదు. రెండు వలయములను నాలుగు అల్యూమినియము కడ్డీలతో కలిపి పంజరమొకటి చేసితిని. కడ్డీల గాడులలోనికి రెక్కల మొదళ్లు వెనుకనుండి జారును. వెనుక వలయమును మరలతో బిగించినచో అవి కదలవు. నడుమ 54 మిల్లీమీటర్ల గొట్టము, దానిలోనికి 38, 29 కొలతల తొడుగులు. మోటారు అడుగునగల అంచు వెనుక వలయమున కానుటచేత త్రోపుడంతయు వలయముగుండ రాకెట్టు దేహమునకు పోవునేగాని రెక్కలపై పడదు. పారాచూటును వెలికి నెట్టు మందు మండినపుడు అదే వాయువు మోటారును వెనుకకు తన్నును. దానిని పట్టు మరబిళ్ల లేకున్న పారాచూటు లోపలనే ఉండి మోటారు ఊడిపడును. అన్నిటికంటె నన్ను వేధించినది గాడిలోని సందు. వదులైనచో వేగమున రెక్క గాలిపటము తోకవలె అదరి చీలును, బిగువైనచో ఊడిరాదు. 0.2 మిల్లీమీటరు వద్ద నా మనస్సు నిలిచెను.

మొదటి వలయమును త్రీడీ ముద్రణ యంత్రముపై పీఎల్ఏ అను ప్లాస్టిక్‌తో చేయించితిని. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము విజయవాడలో కారు ఎండన నిలిపి, దానిని సీటుపై మరచితిని; తిరిగి వచ్చునప్పటికి గుండ్రని వలయము కోడిగ్రుడ్డు ఆకారము దాల్చియుండెను. ఆ పదార్థము 60 డిగ్రీల దరిదాపుల మెత్తబడునని ఎరిగియు, మండుచున్న మోటారు ప్రక్కన నిలుపనెంచుట నా తప్పిదము. రెండవదానిని అల్యూమినియముతో నేనే తరిణె పట్టితిని.

రాకెట్టును తిన్నగా నడపుటకు తరతరముల పనివారు పడిన శ్రమ తలచినపుడు నాకు గౌరవము కలుగును. మైసూరువారు ఇనుపగొట్టమును వెదురుకు తోలుపట్టెలతో కట్టిరి. దానిని చూచి నేర్చిన ఆంగ్లేయుడు కాంగ్రీవు 1815లో కర్రను ప్రక్కనుండి నడిమికి తెచ్చి అడుగుబిళ్లకు మరతో బిగించెను. 1844లో మరియొక ఆంగ్లేయుడు హేలు కర్రనే తీసివేసి రాకెట్టును బొంగరమువలె త్రిప్పెను. 1971 అక్టోబరు 9న మన శ్రీహరికోటనుండి మొదట ఎగసినది 125 మిల్లీమీటర్ల వ్యాసముగల రోహిణి. 2022 నవంబరు 18న అచ్చటినుండియే 89.5 కిలోమీటర్ల యెత్తునకు పోయిన హైదరాబాదువారి విక్రమ్-ఎస్‌ను నిలకడగా త్రిప్పుటకు ముద్రణయంత్రముపై చేసిన చిన్న ఘనేంధన యంత్రములు తోడ్పడినవి. హేలు ఊహ ఇంకను బ్రతికియున్నది.

పంజరమును గుడ్డలో చుట్టి పంపిన రెండు నెలలకు మనుమరాలు ఫోను చేసెను. "తాతయ్యా, మొదటిసారి దిగేటప్పుడు ఒక రెక్క విరిగింది. నాలుగు మరలు విప్పి వేరేది తొడిగి, మధ్యాహ్నం మళ్లీ ఎగరేశాం" అని చెప్పెను. విరిగిన రెక్కను పారవేయక నాకు పంపుమంటిని. అది గాడి అంచున తెగినదో, పొరల వెంట చీలినదో చూడవలసియున్నది.