చేను ఆమె పేరున, పట్టా అతని పేరున

పొలాల పేర్లనూ, చెరువుకట్టల పేర్లనూ స్థలనామాల కింద చేర్చి, వ్యుత్పత్తి చెప్పి, ఓ కథ జోడించి వదిలేయడం మన జానపద పరిశోధనకు అలవాటు. ముసలమ్మ కట్ట, భోగం మాన్యం, పసుపుకుంకుమ చేను - ఈ పేర్లన్నిటిలో స్త్రీ ఉంది. ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్న మాత్రం మనం అడగలేదు.

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుకట్టే ముసలమ్మ కట్ట. గండి పడబోయినప్పుడు బసిరెడ్డి ఇంటి చిన్నకోడలు ముసలమ్మను బలిమ్మని దైవం పలికిందని కథ. పేరుకు ముసలమ్మే గానీ ఆమె పడుచు. కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథనే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. పురాణ నాయికలను వదిలి ఓ రైతు కోడలిని నాయికను చేసినందుకు విమర్శకులు ఆ కావ్యంలో ఆధునికతను చూశారు. ఆ మెప్పు సబబే. కానీ ఆ సామాన్య స్త్రీ కావ్యంలోకి రావడానికి చెల్లించిన వెల ప్రాణం. దాన్ని 'త్యాగం' అనగానే ప్రశ్న ముగిసిపోతుంది. ఊరంతమందిలో కోడలే ఎందుకు? బయటినుంచి వచ్చినది, ఆ ఊరి మట్టిలో వాటా లేనిది కనుక అనే నేను చదువుకుంటాను. కట్ట నిలిచింది. దానికింద తడిసిన మళ్ళు మాత్రం మామలవీ, మరుదులవీ.

భోగం మాన్యం కథ వేరు. గుడిలో ఆటపాటల సేవకు దేవదాసీలకు ఇచ్చిన ఇనాం అది. 1929లో మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం ఆ భూములను సేవనుంచి విడదీసి ఆ స్త్రీలకే దక్కేలా వీలు కల్పించింది. 1947లో దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్నే నిషేధించారు. ఇవాళ ఆ పేరు పలికితే వినిపించేది వెక్కిరింపే. స్త్రీలు భూమిని స్వయంగా అనుభవించిన చరిత్ర ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

ఇక పసుపుకుంకుమ చేను. పెళ్ళిలో కూతురికిచ్చే భూమికి ఆ పేరు పెట్టడంలోనే కిటుకుంది. వాటా కాస్తా శుభకార్యపు కానుకైపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం, దేశమంతటా 2005 సవరణ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చాయి. అయినా ఆమె నోరు తెరిస్తే, "నీ పసుపుకుంకుమ నీకిచ్చేశాంగా" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. పేరు చట్టంకంటే బలంగా పనిచేస్తోంది.

అందుకే ఊళ్ళలో పేర్లు సేకరించే మిత్రులకు ఒక మనవి. ప్రతి పేరు పక్కనా మూడు సంగతులు రాయండి: కథ చెప్పింది ఎవరు, అందులో స్త్రీకి ఏమైంది, ఆ భూమి పట్టా ఇప్పుడు ఎవరి పేరున ఉంది.