అచ్చు చేసిందీ, లోకం చేసిందీ

చార్మినార్ రూపాయీ, హాలీ సిక్కా! నీ మీద ఒక గీత ఉంది. గోరు ఆనిస్తాను. ఎత్తుగా తగిలితే నీకో దండం. టంకశాలలో ఉక్కు అచ్చు పగిలింది. ఒత్తిడికి నీ వెండి ఆ పగుల్లోకి ఉబికి గట్టు కట్టింది. గోరు లోపలికి దిగితే అది టంకశాల వాకిలి దాటాక పడ్డ గాటు. దాని పక్కన వెండి చెదిరి లేచి ఉంటుంది. (అచ్చుకూ బిళ్లకూ నడుమ నూలుపోగు పడితే టంకశాలలోనూ పల్లం పడుతుంది గానీ, దాని అంచులు నున్నగా ఉంటాయి. పత్తి బస్తాల ఓరుగల్లులో నిలబడి నూలుపోగును మరచిపోతే ఎట్లా?)

ఇదే ఓరుగల్లులోని ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా విప్పినవాడిది ఇదే విద్య. చెట్టు మీదే తెల్లబారిన తాలు వేరు, కోశాక తడిసి నల్లబడ్డ కాయ వేరు. గుప్పెడు చేతిలోకి తీసుకుని చెప్పేస్తాడు.

సుత్తి దెబ్బకు పుట్టిన నీ పూర్వీకులకు దండం. వాళ్ల అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది; అక్షరాలు సగం బయటే ఉండిపోయేవి. అది తప్పు కాదు, ఆనాటి తీరు. నీ చార్మినార్ కమాను కింది ఐన్ అనే ఉర్దూ అక్షరానికీ దండం. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తొలినాళ్ల బిళ్లల మీద పొట్టిగా ఉంది, తరువాత నిండుగా పడింది. ఆ పొట్టిదాన్ని అరిగిందనుకోవద్దు, అచ్చే అంత.

ముందు కొట్టిన బిళ్ల అచ్చుకు అతుక్కుపోతే, తరువాతిదాని ఒక ముఖాన రెండో ముఖం బొమ్మే తిరగబడి, లోపలికి దిగి పడుతుంది. ఎంత అందమైన తప్పు! దీన్ని దొంగతనంగా చేసేవాళ్లూ ఉన్నారు. రెండు బిళ్లలు వైసులో బిగిస్తారు. అప్పుడు అవతలి ముఖం నలిగి చదునవుతుంది. టంకశాల తప్పులో అది చెక్కుచెదరదు. అంచు తెగిన బిళ్లకైతే ఎదురంచు చూడాలి. బిళ్లను కోసినప్పుడే తెగి ఉంటే, ఎదురంచు కూడా చాలాసార్లు సరిగా లేవదు.

ఇక నీ తల మీది టంకం మచ్చ, కొక్కెం ఊడిన చోటు. ఏ లంబాడీ అమ్మ మెడలోనో దండై ఊగావు. కొన్నవాళ్లు దాన్ని అరుదైన తప్పని అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మచ్చ మీద నాకు ప్రేమే, కానీ ధర వెండి ధరే.

పాత బిళ్ల దొరికితే చింతపండుతో తోమకండి, మచ్చను ఆకురాయితో గీకకండి. చార్మినార్ రూపాయి దాదాపు 11.18 గ్రాములు తూగాలి. తూచండి, భూతద్దం పెట్టండి, అప్పుడే బేరమాడండి.