యాభై ఆరు రిజిస్టర్ల నుంచి ఐదుకు: ఒక విమర్శనాత్మక పరిశీలన

గత భాగంలో కార్మిక చట్టాల అమలు యంత్రాంగం గురించి చదివారు. యజమాని రిజిస్టర్లు రాయాలి, తనిఖీ అధికారి వాటిని చూడాలి, ప్రభుత్వానికి నివేదికలు వెళ్లాలి. అమలు అంటే చాలావరకు ఇదే. ఈ రాతపనిని ప్రభుత్వమే సమీక్షించి తగ్గించిన ఒక సందర్భాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

2017 ఫిబ్రవరిలో కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ కొత్త నిబంధనలు ప్రకటించింది. తొమ్మిది కేంద్ర చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లు, ఫారాల స్థానంలో ఐదు ఉమ్మడి రిజిస్టర్లు వచ్చాయి. ఉద్యోగుల వివరాలకు ఫారం-ఎ, వేతనాలకు ఫారం-బి, అప్పులు, వసూళ్లకు సి, హాజరుకు డి, సెలవులకు ఇ. నింపవలసిన గడులు 933 నుంచి 144కు తగ్గుతాయని శాఖ లెక్క చెప్పింది. వీటిని కంప్యూటర్‌లోనే ఉంచుకోవచ్చు. కనీస వేతనాల చట్టం (1948), కాంట్రాక్టు కార్మికుల చట్టం (1970), అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) ఈ తొమ్మిదిలోవే.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. పాత పద్ధతి బాగా లేదు. ఒక కాంట్రాక్టరు దగ్గర అరవై మంది పనిచేస్తున్నారనుకోండి. 1971 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాళ్ల వివరాలు 13వ ఫారంలో రాయాలి. హాజరు 16లో, వేతనం 17లో, నష్టాల కింద కోసిన మొత్తం 20లో, జరిమానాలు 21లో, అడ్వాన్సులు 22లో, ఓవర్‌టైం 23లో. అదే మనిషి పేరు మళ్లీ మళ్లీ రాయాలి. ఇలాంటి రిజిస్టర్లు తనిఖీకి ముందురోజు ఒకే కలంతో, ఒకే దస్తూరిలో నిండిపోవడం ఎవరూ వినని విడ్డూరమేమీ కాదు. కాబట్టి ‘కాగితాలు తగ్గాయి, అందువల్ల కార్మికుడికి అన్యాయం జరిగింది’ అనే తేలిక విమర్శ ఇక్కడ నిలవదు. ఫారం-సి చూడండి. కోత, జరిమానా, అడ్వాన్సు అన్నీ ఒకే పట్టికలోకి వచ్చినా, సంజాయిషీ నోటీసు ఇచ్చారా, దాన్ని ఎవరి సమక్షంలో విన్నారు అనే గడులు పోలేదు. కూర్చినవారు ఆలోచించే కూర్చారు.

మన అభ్యంతరం సమీక్షకు వాడిన కొలబద్ద మీద. గడులు ఎన్ని, వాటిని నింపడానికి సంస్థకు ఎంత శ్రమ, ఎంత ఖర్చు అన్న లెక్క నింపేవాడి బల్ల దగ్గరే మొదలై అక్కడే ముగిసింది. ఆ గడి మీద ఆధారపడే మరో మనిషి ఉన్నాడు. అతని వైపు నుంచి చూస్తే రిజిస్టరు భారం కాదు, సాక్ష్యం.

ఈ సాక్ష్యం ఎంత అవసరమో న్యాయస్థానాల్లో తెలుస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి నోటీసు, పరిహారం లేకుండా తొలగించకూడదన్న నియమం ఉండేది. కానీ 240 రోజులు పనిచేశానని రుజువు చేయవలసింది మొదట కార్మికుడేనని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 2005 నాటి ఒక తీర్పులో కోర్టు అసలు ఇబ్బందిని గుర్తించింది. రోజుకూలీకి నియామక పత్రం ఉండదు, తొలగింపు ఉత్తర్వూ ఉండదు. అతడు చేయగలిగిందల్లా సాక్షిగా నిలబడి, యజమాని దగ్గరున్న మస్టరు రోళ్లు, వేతన రిజిస్టర్లు తెప్పించమని అడగడమే. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. మస్టరు రోళ్లు చూపనంత మాత్రాన, అదొక్కటే కారణంగా యజమానికి వ్యతిరేకంగా నిర్ధారణకు రాకూడదు. అంటే కూలీవాడి సాక్ష్యం అవతలివాడి బీరువాలో ఉంది, తాళంచెవి కూడా అక్కడే ఉంది.

ఒక్క గడిని దగ్గరగా చూద్దాం. పాత 17వ ఫారంలో వేతనం అందినట్లు కార్మికుడి సంతకమో వేలిముద్రో పడాలి. ఫారం-బిలో అందిన గుర్తుకు బదులు బ్యాంకు లావాదేవీ సంఖ్య వేస్తే సరిపోతుంది. బ్యాంకు ద్వారా చెల్లింపు మంచిదే, దొంగ వేలిముద్రల కన్నా నమ్మదగినదే. అయితే ఏటీఎం కార్డు మేస్త్రీ జేబులో ఉన్నచోట, ఆ సంఖ్య డబ్బు ఖాతాలో పడిందని చెబుతుంది గానీ చేతికి అందిందని చెప్పదు.

కాగితం అసలే లేకపోతే ఏమవుతుందో 2020లో దేశమంతా చూసింది. 1979 చట్టం ప్రకారం ప్రతి అంతర్రాష్ట్ర వలస కార్మికుడికీ కాంట్రాక్టరు ఫొటోతో పాసుపుస్తకం ఇవ్వాల్సి ఉండేది. ఆ నిబంధన చాలాచోట్ల పుస్తకాలకే పరిమితమైంది. లాక్‌డౌన్ కాలంలో ఎందరు వలస కార్మికులు మరణించారని ఆ సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే, అలాంటి సమాచారం లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది. ఈసారి అసంఘటిత కార్మికులే ఆధార్, బ్యాంకు వివరాలు పట్టుకుని నమోదుకు కదలవలసి వచ్చింది. వాళ్లు మీసేవా, కామన్ సర్వీస్ సెంటర్ల దగ్గర పోగొట్టుకున్న కూలి దినాలు ఏ భారపు లెక్కలోకి వస్తాయి?

ఈ చూపులోని లోపం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1980 నాటి కాగితపు పని తగ్గింపు చట్టం కింద, ప్రభుత్వ శాఖల ఫారాలను అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయం సమీక్షిస్తుంది. పనిచోట వాడే ప్రమాదకర రసాయనాల వివరాలు కార్మికులకు తెలపాలన్న కార్మిక శాఖ నిబంధనల్లో కొన్నింటిని 1987లో ఆ కార్యాలయం ఈ అధికారంతోనే అడ్డుకుంది. ఉక్కు కార్మికుల సంఘం కోర్టుకెక్కింది. ప్రభుత్వానికి పంపే సమాచారం వేరు, కార్మికుడికి తెలియజెప్పే సమాచారం వేరు, రెండోదానిపై ఈ చట్టం కింద సమీక్షాధికారం లేదని 1990లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐదేళ్లకే, 1995లో, చట్టాన్ని తిరగరాసి ఆ రెండోదాన్నీ సమీక్ష కిందికి తెచ్చారు. ఒక డబ్బా మీది హెచ్చరిక చీటీ కూడా ‘కాగితపు భారం’ పద్దులోనే చేరిందన్నమాట.

ఇక మన ప్రస్తుత స్థితి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. పైన చెప్పిన తొమ్మిది చట్టాలూ వాటిలో కలిశాయి. వేతనాల కోడ్ 59వ సెక్షన్‌ను మీరు ప్రత్యేకంగా చదవాలి. వేతనం చెల్లించలేదనో అక్రమంగా కోశారనో ఫిర్యాదు వస్తే, బకాయి చెల్లించినట్లు రుజువు చేసే భారం యజమానిదే. నియామక పత్రం ఇవ్వాలని భద్రతా కోడ్ చెబుతోంది. ఈ రెండూ కార్మికుడికి లాభమే. కానీ ‘ఈ మనిషి మా దగ్గర పనే చెయ్యలేదు’ అని యజమాని అంటే, 59వ సెక్షన్ దాకా పోకముందే దావా ఆగిపోతుంది. నియామక పత్రం చేతికి రాని అడ్డా కూలీ అప్పుడు మళ్లీ హాజరు పట్టీ కోసమే అడగాలి.

అభ్యాసం: ఫారం-డి, అంటే హాజరు రిజిస్టరు నకలు ఒకటి సంపాదించండి. అందులోని గడులను వరుసగా రాసుకుని, ఒక్కొక్కదాని ఎదుట, ఆ గడి ఖాళీగా ఉంటే తాను ఆ రోజు పనిచేశానని చూపడానికి కార్మికుడి దగ్గర ఇంకేం ఉంటుందో రాయండి.