ఇల్లు దాటి సాగే దారి

ఒక దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా సైకిల్ మీద ఒంటరిగా దాటినవారి గురించి వెలువడే వార్తలలో బయలుదేరిన రోజుకూ చేరుకున్న రోజుకూ దక్కే చోటు నడుమనున్న రోజులకు దక్కదు. జెండా ఊపి సాగనంపిన ఫోటో ఒకటి, మెడలో పూలదండతో నిలబడిన ఫోటో మరొకటి అచ్చవుతాయి. వాటి మధ్య గడిచిన నెల రోజులు ఒక అంకెగా మారిపోతాయి. బయలుదేరడానికి ఉత్సాహం, కొంత డబ్బు, సెలవు ఉంటే చాలునని, పూర్తి చేయడానికి మాత్రం ప్రత్యేకమైన నేర్పు కావాలని, ఆ నేర్పులో సగానికి పైగా ప్రతి సాయంత్రం ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమేనని ఈ సాధనను దగ్గర నుంచి గమనించినవారు గ్రహిస్తారు.

భారతదేశంలో ఇటువంటి యాత్రకు స్థిరపడిన మార్గం కశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు సాగుతుంది. సైకిలిస్టులు దీనిని పొట్టిగా ‘కె టు కె’ అంటారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,700 కిలోమీటర్లు విస్తరించిన 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోని జాతీయ రహదారులన్నిటిలోకీ పొడవైనది కాగా, నాగ్‌పూర్‌కు దిగువన దాని భాగాన్ని తెలుగువారు చాలాకాలం 7వ నంబరు రహదారిగా ఎరిగి ఉన్నారు. ఆదిలాబాద్‌కు ఎగువన పెన్‌గంగను దాటి తెలంగాణలోకి దిగే ఈ దారి, నిర్మల్ గుట్టల మీదుగా వచ్చి సోన్ వద్ద గోదావరిని, బీచుపల్లి వద్ద కృష్ణను, కర్నూలు వద్ద తుంగభద్రను దాటి, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా కర్ణాటకలో ప్రవేశిస్తుంది. తెలుగు నేల మీద పొడవునా పరుచుకున్న ఈ దారి గురించి యాత్రాకథనాలు అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది: ఉత్తరం నుంచి వచ్చే సైకిలిస్టు హైదరాబాదు చేరేసరికి మొత్తం దూరంలో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తయి, ఇంకా 1,200 కిలోమీటర్లకు పైగా మిగిలి ఉంటుంది.

పంజాబు నుంచి గాని కేరళ నుంచి గాని వచ్చిన యాత్రికుడికి ఇది కేవలం ఒక లెక్క. యూసుఫ్‌గూడ బస్తీలోనో, కృష్ణానగర్ సందుల్లోనో నివసించే సైకిలిస్టుకు మాత్రం ఇది యాత్ర మొత్తంలో అతి కఠినమైన పరీక్షగా మారుతుంది. ఎందుకంటే మేడ్చల్ వైపు నుంచి నగరంలోకి వచ్చిన ఆ మనిషికి, ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేని ఔటర్ రింగు రోడ్డును విడిచి, కొంపల్లి మీదుగా కాస్త పడమరకు తిరిగితే సొంత ఇల్లు, సొంత మంచం, చేతికి అందే అన్నం కనబడతాయి. మూడు వారాల అలసట ఒంట్లో పేరుకున్న వేళ, ‘ఇంతదూరం వచ్చావు కదా’ అనే మాట ఇంట్లోవారి నోటి నుంచే వినిపిస్తుంది. ఎడారిలోనో కొండల్లోనో ఆగిపోవడం సిగ్గుగా తోస్తుంది గాని ఇంటి దగ్గర ఆగిపోవడం సహజంగా, వివేకంగా కూడా అనిపిస్తుంది. అందుచేతనే అనుభవజ్ఞులు కొందరు నగరంలో బస చేయకుండా ముందురోజు రాత్రి కామారెడ్డి ప్రాంతంలో గడిపి, తెల్లవారుజామునే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా శంషాబాద్ దాటేట్లు లెక్క వేసుకుంటారు.

ఈ లెక్క వెనుకనున్న మనస్తత్వాన్ని అధ్యయనం చేసిన సంస్థ యూసుఫ్‌గూడలోనే ఉండటం ఒక విశేషం. 1962లో హైదరాబాదుకు తరలివచ్చి, చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థగా పేరుపొంది, ప్రస్తుతం నిమ్స్‌మే అనే పేరుతో కొనసాగుతున్న విద్యాసంస్థలో, 1960ల మధ్యకాలంలో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడకు చెందిన వ్యాపారులకు ‘సాధనా ప్రేరణ’లో శిక్షణ ఇచ్చింది. సాధనా ప్రేరణ అంటే బహుమతి కోసం కాక, ఒక పనిని మునుపటి కన్నా మెరుగ్గా నెరవేర్చడం కోసమే పాటుపడే తత్త్వం. ఆ శిక్షణ ఫలితాలను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథంగా ప్రకటించారు. ఈ ప్రేరణను వివరించడానికి మెక్లెలాండ్ వాడిన ఆట ఒకటి ప్రసిద్ధం: నేలలో పాతిన మేకుకు తాడు చక్రాలను తగిలించమని చెప్పి, ఎంత దూరం నుంచి విసరాలో ఆటగాళ్లకే వదిలేస్తే, ప్రేరణ తక్కువగా ఉన్నవారు మరీ దగ్గర నుంచో, గెలుపు కేవలం అదృష్టం మీద ఆధారపడేంత దూరం నుంచో విసురుతారు, ప్రేరణ ఎక్కువగా ఉన్నవారు తమ చేతి వాటం వల్ల ఫలితం మారగలిగే మధ్యస్థ దూరాన్ని ఎంచుకుంటారు.

సైకిల్ యాత్రలో రోజువారీ దూరం ఎంచుకోవడం కూడా ఇదే కోవకు చెందుతుంది. రోజుకు సగటున 125 కిలోమీటర్లు తొక్కగలిగితే 3,700 కిలోమీటర్లు 30 రోజులలో పూర్తవుతాయి. మొదటి వారం ఉత్సాహంలో రోజుకు 180 తొక్కి, తరువాతి వారం మోకాలి నొప్పితో మూడు రోజులు పడుకున్న మనిషికీ ఇంచుమించు అన్నే రోజులు పడతాయి గాని, రెండో మనిషి గమ్యం చేరకపోయే అవకాశం చాలా ఎక్కువ. జట్టుగా వెళ్లినప్పుడు ‘ఇక చాలు’ అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఒంటరి యాత్రలో తొక్కేదీ ఆ మనిషే, ఆగమని ఆజ్ఞాపించేదీ ఆ మనిషే. ఆజ్ఞాపించవలసిన బుద్ధి కూడా అలసిపోయి ఉంటుంది. అందువల్ల అలసట రాకముందే, ఉదయం పూటే, ఆ రోజు ఆగవలసిన ఊరిని నిర్ణయించుకుని, సాయంత్రం ఒంట్లో ఓపిక మిగిలి ఉన్నా ఆ నిర్ణయాన్ని మార్చకుండా ఉండటం ఈ సాధనలో తొలి నియమంగా నిలిచింది.

ఈ నియమానికి శరీరధర్మంలోనే ఆధారం ఉంది. కండరాలలోనూ కాలేయంలోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. ఆ నిలవ కొన్ని గంటల శ్రమకే సరిపోతుంది గనుక, దారిలో తింటూ ఉండకపోతే అది ఒక్కసారిగా అడుగంటి, కాళ్లు కదలని, ఆలోచన కూడా తడబడే స్థితి ఏర్పడుతుంది. ఆకలి వేసిన తరువాత తినడం ఆలస్యమేనని తెలిసినవారు గంటగంటకూ అరటిపండో, పల్లీపట్టీయో తింటూ, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ సాగుతారు. హ్యాండిల్ మీద రోజుల తరబడి బరువు మోపడం వల్ల అరచేతిలోని అల్నార్ అనే నరం నలిగి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. సీటు ఎత్తు తక్కువైతే మోకాలి ముందుభాగంలో నొప్పి మొదలవుతుంది. గాలి పెట్టే ఇబ్బంది వీటన్నిటికన్నా పెద్దది. గాలి నిరోధం వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది, దానిని ఎదిరించడానికి కావలసిన సత్తువ ఘనంతో పెరుగుతుంది. అంటే గాలి ఆడని రోజున వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చుకుపోవడానికే ఎనిమిది రెట్ల సత్తువ ఖర్చవుతుంది. ఎదురుగాలి వీచిన రోజున వేగాన్ని నిలబెట్టుకోవాలని చూసిన సైకిలిస్టు మరునాటి బలాన్ని ఈనాడే వాడేసుకున్నట్లు లెక్క.

యంత్రం విషయంలోనూ ఇటువంటి వివేకమే అవసరమవుతుంది. ఖరీదైన సైకిళ్లకు ‘ప్రెస్టా’ అనే సన్నని వాల్వు ఉంటుంది. హైవే పక్కన లారీ టైర్లకు గాలి పట్టే దుకాణంలోని గొట్టం దానికి అమరదు గనుక, బొటనవేలి గోరంత ఇత్తడి అడాప్టరు జేబులో లేకపోతే కంప్రెసరు ఎదుటే ఉన్నా టైరులోకి గాలి ఎక్కదు. ఊరూరా దొరికే ట్యూబులు పాలవాళ్లు, కూలీలు తొక్కే పాత నల్లసైకిళ్లవి. కొత్త రకం సన్నని చక్రాలకు సరిపడే ట్యూబు చిన్న పట్టణాలలో దొరకడం అరుదు. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కుతీగ ముక్కలు రోడ్డు అంచున పరుచుకుని ఉంటాయి కాబట్టి, పంక్చర్ అయినప్పుడు ట్యూబు మార్చి ఊరుకోకుండా టైరు లోపలి వైపును వేళ్లతో తడిమి ఆ తీగను బయటకు తీయవలసి ఉంటుంది. లేకపోతే కొత్త ట్యూబులో కూడా పది నిమిషాలలో గాలి దిగిపోతుంది. ఈ పని తెలిసిన పంక్చరు దుకాణదారు, రాత్రికి నులకమంచం చూపించే ధాబా యజమాని, సర్వీసు రోడ్డు ఎక్కడ తెగిపోయిందో చెప్పే లారీ డ్రైవరు లేకుండా ఒంటరి యాత్ర సాగదు. ఒంటరితనం అనేది నిర్ణయాలకు మాత్రమే వర్తిస్తుంది. మిగతా అన్ని విషయాలలో ఆ యాత్రికుడు దారి పొడవునా పరిచయం లేని మనుషుల మీద ఆధారపడినవాడే.

సహాయంతో సాగిన యాత్ర తక్కువదన్న అభిప్రాయం సైకిలిస్టులలో కొంత లేకపోలేదు. దానిని సవరించిన ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయిన తరువాత సైకిల్ చేపట్టి, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీలలో రజత పతకాలు గెలిచిన ఆదిత్య మెహతా స్థాపించిన ఫౌండేషన్, సరిహద్దు భద్రతా దళంతో కలిసి 2020 నవంబరు, డిసెంబరు నెలలలో ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరుతో దివ్యాంగ సైకిలిస్టులను కశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు నడిపించింది. వారి వెంట వాహనాలు, సహాయకులు ఉన్నారు. అయినా ఒక కాలితోనో, కృత్రిమ కాలితోనో నిర్మల్ గుట్టలు ఎక్కే మనిషి ఆనాటి శక్తిని ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు వాహనంలో కూర్చున్నవారు ఇవ్వలేరు. ఒంటరి యాత్రికుడికీ వారికీ మధ్య తేడా సామాను మోసేది ఎవరన్న దానిలో ఉంది. లోపల జరిగే లెక్కలో లేదు.

ఈ లెక్కను నేర్చుకోవడానికి దేశం మొత్తం తొక్కనక్కరలేదు. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ రూపొందించిన ‘బ్రెవే’ అనే పద్ధతిని హైదరాబాదు ర్యాండోనర్స్ వంటి బృందాలు ఇక్కడ నిర్వహిస్తున్నాయి. బ్రెవే అంటే నిర్ణీత దూరాన్ని నిర్ణీత గడువులో, వెంట వాహనం లేకుండా పూర్తి చేసే సవారీ. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు ఉంటుంది. ఈ నాలుగింటినీ ఒకే ఏడాదిలో ముగించినవారిని సూపర్ ర్యాండోనర్ అంటారు. ఇందులో మొదటి స్థానం, రెండో స్థానం అనేవి ఉండవు. దారిలోని తనిఖీ కేంద్రాలకు మూసే వేళతో పాటు తెరిచే వేళ కూడా ఉంటుంది. అతివేగంగా వచ్చినవారు అక్కడ వేచి ఉండవలసిందే. పోటీల తరానికి ఇది వింతగా తోచినా, త్వరపడటానికి ఏ విలువా ఇవ్వకుండా ముగించడాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునే ఈ పద్ధతి, దూరయాత్రకు కావలసిన స్వభావాన్ని ఏ ఉపన్యాసమూ అలవరచలేనంత చక్కగా అలవరుస్తుంది. తెల్లవారకముందే యూసుఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎత్తు ఎక్కి దిగే అభ్యాసం కాళ్లకు బలం ఇస్తుంది. 400 కిలోమీటర్ల బ్రెవేలో రాత్రి రెండు గంటలకు ఏ బస్టాండు బల్ల మీదో పావుగంట కునుకు తీయాలా, సాగిపోవాలా అని తేల్చుకోవడం బుద్ధికి అభ్యాసమవుతుంది.

యాత్ర చివరి అంకం చాలామంది ఊహించినంత సులువుగా ఉండదు. తిరునెల్వేలి దాటిన తరువాత నాంగునేరి, వళ్ళియూరు, కావల్‌కిణరు మీదుగా దారి దక్షిణ కొసకు దిగుతుంది. పడమటి కనుమల చివర ఆరల్వాయ్‌మొళి వద్దనున్న ఎడం గుండా నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఉధృతంగా దూసుకువస్తుంది. ముప్పందల్ చుట్టుపక్కల వందల గాలిమరలు నెలకొల్పడానికి కారణం అదే. జూన్, సెప్టెంబరు నెలల మధ్య అక్కడికి చేరిన సైకిలిస్టుకు చిట్టచివరి కిలోమీటర్లే అన్నిటికన్నా నెమ్మదిగా సాగుతాయి. గమ్యం ఒక్క రోజు దూరంలో ఉందన్న తొందరలో ముందురోజు రెండు రోజుల దూరం తొక్కి వచ్చినవారికి ఆ గాలిని ఎదిరించడానికి ఏమీ మిగలదు.

అటువంటి చోట ఆగిపోయినవారిని ఓడిపోయినవారిగా లెక్కించడం సరికాదు. మోకాలు శాశ్వతంగా చెడిపోతుందని గ్రహించి కర్నూలులోనో మదురైలోనో సైకిల్‌ను రైలెక్కించిన మనిషి వాడిన వివేకం, ప్రతి సాయంత్రం వేళకు ఆగిన యాత్రికుడి వివేకం ఒకటే. ఒకరికి అది కన్యాకుమారి దాకా పనికివచ్చింది, మరొకరికి మోకాలిని కాపాడింది. దూరాన్నే కొలమానంగా తీసుకుంటే ఈ ఇద్దరినీ ఒక గాటన కట్టడం సాధ్యం కాదు. అందుచేత ఈ సాధనకు మరో కొలమానం పెట్టుకోవడం న్యాయం: లగేజి వ్యానులో వేసిన సైకిల్‌తో తిరిగివచ్చిన మనిషి, అరిగిన చైను మార్పించి, చక్రాల వంకర తీయించి, నెల తిరిగేలోగా మళ్లీ కూరగాయలకో ఆఫీసుకో అదే సైకిల్ మీద వెళుతున్నట్లయితే ఆ యాత్ర సరిగా ముగిసినట్లు. దేశం చివరి వరకు వెళ్లి, సైకిల్‌ను గోడకు ఆనించి, దాని మీద తువ్వాళ్లు ఆరవేస్తున్నట్లయితే, దూరం పూర్తయినా సాధన మధ్యలోనే ఆగిపోయినట్లు.