మాటకు హద్దు గీసేదెవరు?

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మన పిల్లల్లో నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ తీసుకున్నవాళ్లకు తరచూ తగిలే హోంవర్క్ ఒకటుంది: సి భాషలో చాట్ క్లయింట్ రాయడం. ఆ విద్య పుట్టిల్లు కూడా అక్కడే. 1983 ఆగస్టులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ నుంచి 4.2 బీఎస్‌డీ యూనిక్స్ విడుదలైంది. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో తయారైన ఆ వ్యవస్థతోనే సాకెట్ జనంలోకి వచ్చింది. దానితో ఫైలులో చదివినట్టు, రాసినట్టు ఎక్కడో ఉన్న యంత్రంతో మాట్లాడవచ్చు. నలభై ఏళ్లు దాటినా పిలుపులు అవే: సాకెట్ తెరువు, కనెక్ట్ అవు, రాయి, చదువు, మూసెయ్.

వినడానికి ఇంతే. మొదటి దెబ్బ పోర్టు నంబరు దగ్గరే తగులుతుంది. ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అనే పాత చాట్ ప్రోటోకాల్ సర్వర్లు చిరకాలంగా వాడే పోర్టు 6667. నెట్‌వర్క్‌లో పెద్ద బైటు ముందు వెళ్లాలి. ఇంటెల్ ప్రాసెసర్ చిన్నదాన్ని ముందు పెడుతుంది. ఆ వరుసను సరిచేసే హెచ్‌టాన్స్ అనే ఫంక్షన్‌ను పిలవడం మరిచిపోతే ప్రోగ్రాం 2842వ తలుపు తడుతుంది. కంపైలర్ కిమ్మనదు.

అసలు కష్టం చదవడంలో ఉంది. టీసీపీ మోసుకొచ్చేది బైట్ల ధార. అందులో సందేశాలకు గట్లు ఉండవు. అవతలివాడు రెండు వాక్యాలు పంపితే ఒక్క రీడ్‌లో రెండూ రావచ్చు, ఒకటిన్నరే రావచ్చు. తెలుగులో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. యూటీఎఫ్-8లో ‘శ్రీ’ అంటే శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పన్నెండు. ఏడో బైటు దగ్గర ధార ఆగిందనుకోండి, తెర మీద ‘శ్’, దాని పక్కన ఓ పిచ్చి గుర్తు. అందుకే తెలిసినవాడు వచ్చిందాన్ని వచ్చినట్టు అచ్చు వేయడు. బఫర్‌లో పోగుచేసి, వరుస ముగింపు బైటు కనబడ్డాకే అంతవరకు కోసి వాడుకుంటాడు. మిగిలింది బఫర్ మొదటికి జరుపుతాడు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం తాలూకు ఏ బైటూ ఆ ముగింపు బైటుతో కలవదు. 1992లో న్యూజెర్సీలోని ఓ డైనర్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కూర్చుని వేసిన పథకం పుణ్యమిది. తెలుగు ఊసే ఎరగని పాత క్లయింట్ కూడా, హద్దు సరిగ్గా గీస్తే చాలు, మన అక్షరాన్ని నరకదు.

బఫర్ కొలత విషయంలో మాత్రం సి దయ చూపదు. ఐఆర్‌సీలో వరుస ముగింపుతో కలిపి సందేశం 512 బైట్లు దాటకూడదు. అవతలివాడు ఆ మాట మీద నిలబడతాడని నమ్మితే ఏమవుతుందో 1988 నవంబరు 2న అమెరికా చూసింది. కొలత చూడకుండా చదివే గెట్స్ ఫంక్షన్ మీద ఆధారపడిన ఫింగర్ అనే సర్వర్ ప్రోగ్రాంకు, తనంత తానే పాకే మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం 536 బైట్లు పంపింది. అక్కడున్న చోటు 512. వేలాది యంత్రాలు కూలబడ్డాయి. గెట్స్‌ను సి ప్రమాణం నుంచి తీసేయడానికి 2011 దాకా పట్టింది, ఇది నాకిప్పటికీ వింతే.

ఇక కీబోర్డునీ సాకెట్‌నీ ఒకేసారి కనిపెట్టుకుని ఉండటం. దీనికి సెలెక్ట్ అనే పిలుపు ఉంది, అదీ బర్క్‌లీ సరుకే. అది లేకుండా రాసిన క్లయింట్ మీరు టైపు చేసేదాకా చెవిటిదై కూర్చుంటుంది. సర్వర్ పింగ్ అంటే పాంగ్ అనదు కనుక బయటికి గెంటించుకుంటుంది.

ఇప్పుడు లైబ్రరీలుండగా ఇంత చాకిరీ ఎందుకని అడగవచ్చు. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్ 1998లో ఏఓఎల్ మెసెంజర్ కోసం లినక్స్‌లో గెయిమ్ అనే క్లయింట్ రాశాడు, సిలోనే. పేరు విషయంలో ఏఓఎల్ అభ్యంతరం చెప్పడంతో 2007లో అది పిజిన్ అయింది. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరు 15న మూతపడింది. పిజిన్ ఇంకా ఉంది. ప్రోటోకాల్ తెలిసినవాడి క్లయింటుకు ఒక కంపెనీ పోతే ఇంకో ఊరుంది.

నేర్చుకోదలిస్తే ముందు మీ లాప్‌టాప్‌లోనే ఒక ఐఆర్‌సీ సర్వర్ పెట్టుకుని, దాంతో మాట్లాడించండి. 6667లో పాస్‌వర్డ్ సహా అంతా బట్టబయలుగా పోతుంది. బయటి సర్వర్‌కు వెళ్లేటప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ జోడించి 6697 వాడండి.